నీలికాళ్ళ రొయ్యలూ, నా మీసమూ

మీసం పెంచి మునిగినవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి. వాన దారి మరిచిపోయే తనకల్లు పక్క మెట్టపొలంలో, రొయ్యల మాయలో పడి నా పెళ్ళి నేనే చెడగొట్టుకోబోయాను.

ఆ ఏడు వాన దయతలచి మా పొలంలోని సేద్యపు కుంట నిండింది. కోస్తా నుంచి మంచినీటి రొయ్యపిల్లలు తెచ్చి అందులో వదిలాను. పెళ్ళిచూపుల్లో ఒక్కసారి చూసిన శైలజను తలచుకుంటూ సాయంత్రాలు గట్టుమీదే గడిపేవాణ్ణి. నీళ్ళలో మబ్బులు, మబ్బుల కింద రొయ్యలు, వాటి మధ్య మా కాబోయే సంసారం కూడా మెల్లగా తేలుతూ ఉండేది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

కొన్ని మగరొయ్యలకు ముందుకాళ్ళు ఒంటికంటే పొడుగ్గా, నీలంగా, పటకార్లలా పెరిగాయి. ఒక్కొక్కటీ ఆడరొయ్యను ఆ కాళ్ళ మధ్య దాచుకుని, దగ్గరికొచ్చినవాటిని బెదిరించేది. చిన్న మగరొయ్యలేమో చప్పుడు చేయకుండా ఆ కాళ్ళ కిందనుంచే దూరి ఆడదాని పక్కకు చేరేవి. "దొంగముఖాలు" అని నవ్వుకున్నాను. నీలికాళ్ళవాటిని చూసి నేనూ మీసం పెంచాను.

"ఆ పెద్దవాటిని పట్టి ముందు అమ్మేయిరా," అన్నాడు నాయన. "వాటికి ఒళ్ళు పెరిగేది అయిపోయిందంట. తిన్నదంతా కాళ్ళకీ, కాపలాకీ పోతాండాది. అవి ఉంటే చిన్నవి గూడా ఎదగవు."

"రాజుల్ని యాడన్నా అమ్ముతారా నాయనా?" అన్నాను మీసం దువ్వుతూ. మామూలువాటిని సంతకు పంపి, రాజులను శైలజ వాళ్ళ విందుకని దాచాను.

శైలజా, వాళ్ళ నాయనా, అవ్వా మా ఇల్లు చూడటానికి రానే వచ్చారు. మావైపు, సంబంధం నచ్చితేనే చేయి కడుక్కుని భోజనానికి కూర్చుంటారు. లేకుంటే మంచినీళ్ళు తాగి బస్సెక్కుతారు. నేను శైలజ నాయనను గట్టుమీదికి తీసుకుపోయి, మీసం మెలేస్తూ రాజుల ప్రతాపం వర్ణించాను. ఆయన ఆవలించాడు.

ఇంటికొచ్చేసరికి, పళ్ళు లేని శైలజ అవ్వ కూరగిన్నె మూత తీసి చూస్తోంది.

"ఏమప్పా, ఇన్ని కాళ్ళుండాయి, రొయ్య యాడ?"

మింగ కండ లేదు, కాళ్ళకు నీలిరంగు. శైలజ నాయన చెప్పుల కోసం చూశాడు. ఆ పిల్ల లేకపోతే ఆ కుంట గట్టుమీద నాకిక పనేముంది?

మాట్లాడకుండా అవ్వ పక్కన నేలమీద కూలబడ్డాను. ఒక్కో కాలూ పొత్రంతో చితక్కొట్టి, లోపలి పిసరంత కండను పుల్లతో తీసి గిన్నెలో వేయసాగాను. మీసానికి పులుసు అంటుకుంది. వాకిలి దగ్గర శైలజ నవ్వింది.

"నోరు మూసుకోనుంటే బాగానే ఉండాడు గదవ్వా," అంది.

అవ్వ లేచి చేయి కడుక్కుంది.

నీలికాళ్ళు వచ్చిన రొయ్య మళ్ళీ చిన్నది కాలేదు. మనిషికి ఆ వెసులుబాటు ఉంది కాబట్టి మరునాడే మీసం తీయించాను. ఆ కుంట నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మీసం పెంచను, రాజులను మేపను. ఇంట్లో రొయ్యల కూర వండిన రోజు కాళ్ళు వొలిచే పని మాత్రం ఇప్పటికీ నాదే. అవ్వకైతే పళ్ళు లేవు సరే, శైలజకు ముప్పైరెండూ ఉన్నాయి.