తెలుసుగారు పిలవని పేరు

పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో పేర్లు రాసుకుని రోగులను లోపలికి పంపే గుమాస్తాను అందరూ ‘తెలుసుగారు’ అనేవారు. ఎవరేం చెప్పబోయినా సగంలోనే చెయ్యెత్తి "తెలుసు" అనడం ఆయనకు పుట్టుకతో అబ్బిన విద్య. యాభై రెండేళ్ల వయసులో ఆయన కంప్యూటర్ ప్రోగ్రామింగ్ క్లాసులో చేరింది కూడా నేర్చుకోవడానికి కాదు, తనకు వచ్చని పదిమందికీ చాటుకోవడానికి.

మూడోవారం టీచరమ్మ ‘అర్రే’ పాఠం మొదలుపెట్టింది. ఆవిడకు పాతికేళ్లు కూడా ఉండవు.

"ఒకే పేరుతో వరసగా కట్టిన గదులనుకోండి. ఒక్కో గదిలో ఒక్కటి దాచుకుంటాం. గది నంబరు చెబితే అందులో ఉన్నది కంప్యూటర్ తీసిస్తుంది. అయితే..."

"తెలుసు."

"నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయండీ. మొదటి గది సున్నా, రెండోది ఒకటి. మరి పన్నెండు గదులుంటే ఆఖరిదాని నంబరెంత?"

"పన్నెండు. ఇదీ ఒక ప్రశ్నేనా?"

"పదకొండండీ."

ఆయన క్లాసంతా వినేలా నవ్వారు. "సున్నా అంటే ఏమీ లేదని తల్లీ! లేని గదిలో ఎవర్ని కూర్చోబెడతావ్?" నోటు పుస్తకంలో ‘టీచరుకు లెక్కలు రావు’ అని రాసుకుని, కింద గీత కూడా గీశారు.

పదిరోజుల్లో క్లినిక్ కోసం సొంతంగా ప్రోగ్రాం రాసేశారు. వచ్చినవాళ్ల పేర్లు వరసగా ఎక్కిస్తే గోడమీది తెర ఒక్కొక్కరినే పిలుస్తుంది. ‘కంప్యూటర్ పిలిస్తేనే లోపలికి’ అని అట్టముక్క మీద రాసి తలుపుకు అంటించారు.

ఆ మొదటిరోజు వచ్చింది పన్నెండుమంది. అందరికంటే ముందొచ్చింది ఆయన అత్తగారే. దవడ బంతిలా వాచిపోయి, తాళం తీయకముందే మెట్లమీద కూర్చుంది. ఆయన ఆవిడ పేరే మొదట ఎక్కించారు. కంప్యూటర్ దాన్ని బుద్ధిగా సున్నా గదిలో పెట్టుకుంది. పిలవడం మాత్రం ఆయన ఒకటి నుంచి మొదలుపెట్టి, రోగులెంతమందో ఆ నంబరు దాకా వెళ్లమని రాశారు.

తెర రెండో మనిషిని పిలిచింది. తర్వాత మూడో మనిషిని.

"అల్లుడుగారూ, ముందొచ్చింది నేనే కదా?" చెంప పట్టుకుని అడిగిందావిడ.

"తెలుసు అత్తయ్యగారూ. అత్తగారని ముందు పంపితే జనం నా మొహాన ఉమ్మరూ? మెషీనుకు చుట్టరికాలుండవు."

పదకొండింటికల్లా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఆ ఓర్పును ఆయన మిగతావాళ్లకు చూపించి మరీ మెచ్చుకున్నారు.

మిగతా పదకొండుమందినీ పిలిచేశాక ప్రోగ్రాం పన్నెండో నంబరు గది కోసం వెతికింది. అలాంటి గదే లేదు. తెర నిండా ఎర్రటి అక్షరాలు పరుచుకున్నాయి. "దానికీ అలుపొస్తుంది మరి," అన్నారాయన.

డాక్టరు గారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "అయిపోయారా అందరూ?"

"ఒక్కరూ మిగల్లేదండీ."

అత్తగారు కుర్చీలోంచి లేచింది. నోరు పెగల్లేదు గానీ చేతిసంచీ గాల్లోకి లేచి అల్లుడి భుజం మీద ధబ్బున దిగింది.

"మా అమ్మ మీ కంటికి ఆనలేదా?" ఇంట్లో భార్య నిలదీసింది.

"నాకు ఆనింది. కంప్యూటరుకే ఆనలేదు."

"ఎందుకని?"

ఆయన నోటివెంట మొదటిసారి ‘తెలుసు’ రాలేదు.

మర్నాడు ప్రోగ్రాం చూసి టీచరమ్మ, ఒకటి కొట్టేసి సున్నా పెడితే చాలంది. ఆయన ససేమిరా అన్నారు. దానికి బదులు రోజూ పొద్దున్నే ముందుగా తన పేరే ఎక్కించడం మొదలుపెట్టారు, ఇన్‌చార్జి హోదాలో. దాంతో అసలు రోగులందరూ ఒకటి నుంచి సర్దుకున్నారు. రోగుల లెక్కలో తనను కలుపుకోలేదు కాబట్టి ఎర్ర అక్షరాలూ పోయాయి. టీచరమ్మ పెదవి కొరుక్కుని, "భలే ఉపాయమండీ," అంది. ఆయన దాన్ని పొగడ్త కిందే జమకట్టుకున్నారు.

అత్తగారు ఇప్పుడు పక్కవీధి డాక్టరు దగ్గరికి వెళ్తోంది. అక్కడ చీటీలిచ్చే అమ్మాయికి కంప్యూటర్ రాదట. మొహం చూసి పిలుస్తుందట.