ముందే ఒలిచిన విత్తనం

కథల్లో అన్నలు ఒక్క దెబ్బకు మారిపోతారు. తండ్రి మంచం పడతాడు, తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది, ఊరి మీద పడి తిరిగే పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి ఒక నిట్టూర్పు విడుస్తాడు. మరుసటి పేజీలో నాగలి భుజాన వేసుకుని చేనికి పోతూ కనిపిస్తాడు. వారపత్రికల్లో ఇలాంటివి కుప్పలుగా చదివాను. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా ఇంట్లోనూ నాయన మంచం పట్టాడు, మా అన్నకూ బుద్ధి వచ్చింది. కాకపోతే ఆ రెండింటికీ మధ్య ఆరు మూటల విత్తనం నాశనమైంది. ఆ మధ్య సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది పెనుకొండ దగ్గర ఒక పల్లె. డెబ్బైల చివరి సంవత్సరాలవి. నాకు పదకొండేళ్లు, అన్నకు పద్దెనిమిది. నాలుగెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగుళూరులో కూలి. ఊళ్లో సగం ఇళ్లకు ఏదో ఒక ఏడు తాళం పడేది. ఆ ఇళ్ల పిల్లలు బడి మానేసి తట్టలు మోయడానికి పోయేవాళ్లు. మా ఇంటికి మాత్రం అంతవరకూ తాళం పడలేదు. అది నాయన మొండితనం.

ఇక అన్న. పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ఎవరైనా ఒక మాట అంటే నోటికంటే ముందు చెయ్యి లేచేది. ఇంట్లో చెప్పకుండా పెనుకొండ స్టేషన్లో రైలెక్కి మూడుసార్లు గుంతకల్లు పారిపోయాడు. అక్కడ ఏం తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియదు. చొక్కా చింపుకుని, కళ్లు గుంటలు పడి తిరిగొచ్చేవాడు. ఒకసారి మా ఎద్దులు పక్క చేనులో పడి మేశాయని ఆ చేను ఆసామి కోప్పడితే, రచ్చకట్ట దగ్గర నలుగురి ముందు ఆయన తలగుడ్డ లాగి నేలకేసి కొట్టాడు. ఆయన మా నాయన ఈడువాడు, అమ్మకు వరసకు అన్న, మేము మామా అని పిలవాల్సిన మనిషి. ఆ రోజు నుంచి ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు. నాకు అన్నంటే భయం. నిజం చెప్పాలంటే కోపం కూడా. వాడు ఇంట్లో లేని రోజుల్లో నాకు అన్నం బాగా సహించేది.

ఆ ఎండాకాలంలో నాయన చింతకాయ రాలుస్తూ కొమ్మ మీంచి జారి పడ్డాడు. తుంటి విరిగింది. కట్టు కట్టే ముసలాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి బిగించి, మూడు నెలలు కదలకూడదన్నాడు. అమ్మ తల పట్టుకుని కూర్చుంది. అన్న మాత్రం "నేనుండా కదమ్మా, సేద్యం నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో దిగులు లేదు. పెత్తనం చేతికొచ్చిన సంబరం ఉంది. అది నేను చూశాను.

శెనక్కాయ విత్తనం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. తొక్కలో ఉన్నంతకాలం గింజకు ఏ భయమూ లేదు. ఒలిచిన తర్వాత మాత్రం ఎక్కువ రోజులు ఆగదు, వేడికీ పురుగుకీ మొలక చచ్చిపోతుంది. అందుకని మా వైపు మబ్బు పట్టిందని ఎవరూ తొందరపడి ఒలవరు. వాన పడి నేల పదునైన సాయంత్రమే ఊరంతా అరుగుల మీదికి చేరుతుంది. ఆ పదును మూడు నాలుగు రోజుల్లో ఆరిపోతుంది కాబట్టి, ఒకరింట్లో పని అయిపోగానే పక్కింటికి పోయి చేతులు కలుపుతారు. పిల్లల వేళ్లు పుండ్లు పడతాయి. ఒలుస్తూ నాలుగు గింజలు నోట్లో వేసుకున్నా ఆ రోజుల్లో ఎవరూ తిట్టరు.

అన్నకు ఇదంతా ముసలివాళ్ల చాదస్తంలా కనిపించింది. "వాన పడినాక ఒలుచుకుంటా కూర్చుంటే ఉన్న పదును కాస్తా ఆరిపోతాది. ముందే ఒలిచి పెట్టుకుంటే పడిన తెల్లారే గొర్రు కట్టి విత్తొచ్చు. ఊర్లో అందరికంటే ముందు మనదే విత్తేది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నాక్కూడా నచ్చింది.

నాయన మంచంలోంచే చెప్పాడు. "వద్దురా. ఇప్పుడే కదా మబ్బు కనపడతాండేది. పడనీ."

"నువ్వు గమ్మున పండుకో నాయనా. సేద్యం చేసేది నేను."

నాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నాలుగు రోజులు నేనూ అమ్మా కూర్చుని ఆరు మూటల కాయలు ఒలిచాం. అన్న ఒక్క కాయ ముట్టలేదు. అది ఆడవాళ్ల పనట. అరుగు చివర కాళ్లు చాపుకుని మాకు అజమాయిషీ చేశాడు.

మబ్బు వెళ్లిపోయింది. దాని వెనక గాలి మొదలైంది. ఎర్రటి దుమ్ము సంగట్లో పడేంత గాలి. వారం, రెండు వారాలు, నెల. వాన లేదు. మట్టి మిద్దె కింద గదిలో ఒలిచిన గింజల మూటలు ఉడుకెత్తిపోతున్నాయి. ఒకరోజు అమ్మ మూటలో చెయ్యి పెట్టి వెంటనే తీసి వాసన చూసుకుంది. ముక్కిపోయిన నూనె వాసన. పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టింది. మూడో రోజు విప్పితే రెండు మొలిచాయి.

అన్న నమ్మలేదు. ఆరు మూటల్లోంచీ గింజలు తీసి ఆరు తడిగుడ్డల్లో కట్టి, గోడవార వరసగా పెట్టాడు. తాగే నీళ్లే అంత దూరం నుంచి మోసుకొచ్చే రోజుల్లో, తన చెంబులో నీళ్లు వాటి మీద చిలకరించాడు. పూటకోసారి విప్పి చూసేవాడు. ఆఖరి గుడ్డ విప్పిన పొద్దున నేను తలుపు చాటుకు పోయి నిలబడ్డాను. ఇప్పుడు అమ్మ మీద విరుచుకుపడతాడు, మీరు సరిగ్గా ఆరబెట్టలేదంటాడు అనుకున్నాను. వాడు లేచి నాయన మంచం దగ్గరికి పోయాడు.

"విత్తనం పోయింది నాయనా. నేనే పోగొట్టినా."

"వాసన వస్తాండాది. నాకు తెల్దా?" అన్నాడు నాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే అన్నకు సులువుగా ఉండేదేమో.

పారేయడానికి అమ్మకు మనసు రాలేదు. ఆ గింజలే వేయించి, దంచి, పచ్చడి చేసి సంగట్లోకి పెట్టింది. చేదు. కొంత ఎద్దులకు పెట్టాం. అన్న మాత్రం మాకంటే ఎక్కువే వడ్డించుకుని, తల దించుకుని తినేవాడు.

తర్వాత వాన పడింది. మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేదాకా కురిసింది. నేల జానెడు లోతు తడిసింది. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుని కాయలు ఒలుస్తుంటే, ఆ టపటప చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. మా ఇంట్లో ఒలవడానికి ఒక్క కాయ లేదు. ఆ రోజుల్లో ఎవరి విత్తనం వాళ్లకే చాలదు, ఎవరిని అడుగుతాం? అమ్మ గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది. నాతో మామూలుగానే, పొయ్యిలోకి పుల్లలు తెమ్మన్నట్టు చెప్పింది. "రేపు బడికి పోయి సర్టిఫికెట్ అడుగు పాపా. బెంగుళూరు పోదాం." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాయన అదేమీ విననట్టు అన్నను పిలిచి, "తెల్లారే చేనికి గుంటక తోలు. పైన మట్టి పొడి అయితే కింద పదును ఇంకొక రోజు నిలుస్తాది" అన్నాడు. విత్తనమే లేని చేనులో పైమట్టి గీకే గుంటక ఎందుకో నాకు అర్థం కాలేదు. నాయనకు మతి చలించిందనుకున్నాను.

తెల్లవారేసరికి అన్న లేడు. చిలక్కొయ్యకు చొక్కా లేదు, చేనికి పోయేవాడు చొక్కా వేసుకోడు. అమ్మ ఎద్దుల కొట్టం వైపు చూడనైనా చూడలేదు, ఆ చిలక్కొయ్య వైపు చూసి కింద కూలబడింది. "పోయినాడు. మళ్లా గుంతకల్లుకే పోయినాడు" అని, నన్ను స్టేషను దారిలో చూసి రమ్మంది. వాడు రైలెక్కితే నాయనను బెంగుళూరుకు మోసే దిక్కు కూడా లేదు మాకు. పరుగెత్తాను. దారిలో మా చేను చూసి ఆగిపోయాను. చేనంతా గుంటక తోలి ఉంది, రాత్రి వెన్నెల్లోనే తోలినట్టున్నాడు. పైమట్టి పిండిలా ఉంది. పారిపోయేవాడు గుంటక తోలి పారిపోతాడా?

వెనక్కి తిరిగి ఊళ్లోకి వస్తే, తలగుడ్డ పోగొట్టుకున్న మామ ఇంటి ముందు మా ఎద్దులు కట్టేసి ఉన్నాయి. అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు కాయలు ఒలుస్తున్నారు. వాళ్ల మధ్య, మోకాళ్లు మడుచుకుని, మా అన్న.

మామ నన్ను చూశాడు. "ఏం మ్మే, మీ యన్న కోసమా? కోడి కూసినప్పట్నుంచి ఈడనే ఉండాడు. రెండుసార్లు లేసి పొమ్మన్నా. పోల్యా. బుడ్డలు ఒలుస్తానే ఉండాడు."

అన్న తల ఎత్తలేదు. అలవాటు లేని వేళ్లు కదా, బొటనవేలి కొస చీరుకుపోయి నెత్తురు గింజలకు అంటుతోంది. మామ వాడి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"రేయ్, నా తలగుడ్డ లాగినావు. యాదుండాదా?"

"ఉండాది మామా. తప్పు చేసినా."

"విత్తనానికే కదా వచ్చినావు?"

"అవును మామా. నీ చేనంతా విత్తినాకనే ఇయ్యి. మా ఎద్దులు, మా గొర్రు తెచ్చినా."

"ఎనిమిదెకరాలు. రెండు జతలు కట్టినా రెండు దినాలు. అంతలోపల నీ చేను ఆరిపోతే ఏం చేస్తావు?"

"గుంటక తోలినా. ఒక దినం ఎక్కువ నిలుస్తాది."

"ఎవురు చెప్పినారు?"

"మా నాయన."

మామ లోపలికి తిరిగి, "వీనికి ఇంత సంగటి పెట్టు" అని భార్యతో అన్నాడు. మా అన్న ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుని, తను అవమానించిన మనిషి ఇంట్లో సంగటి తిన్నాడు. నేను చూసిన మగతనమంతా ఆ అరుగు మీదే చూశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట వెనక్కి తీసుకోను.

రెండు రోజులు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా వాడు మామ చేనులో గొర్రు తోలాడు. మూడో రోజు మామ ఇచ్చిన విత్తనంతో మా చేను. అమ్మ విత్తనం పోయడానికి ఒడి కట్టుకుంది. పిలవకుండానే మామ భార్య కూడా వచ్చి ఇంకో ఒడి కట్టుకుంది. మధ్యాహ్నం దాటాక ఎడమ ఎద్దు పడుకుండిపోయింది. ఇదివరకటి అన్న అయితే దాని వీపు చిట్లేది. వాడు కాడి విప్పి, దాని మెడ మీద గాయానికి తడిగుడ్డ వేసి, నీడకు తోలి, అది తనంతట తాను లేచేదాకా కూర్చున్నాడు.

మూడెకరాలు అయ్యాయి. నాలుగో ఎకరంలో వాడు వంగి, పిడికెడు మట్టి తీసి నలిపాడు. పొడిగా రాలిపోయింది. ఒడిలో ఇంకా విత్తనం ఉంది. అమ్మ "పోసేద్దాం లేరా, వాన వస్తే మొలుస్తాది" అంది. "రాకపోతే ఇదీ పోతాదమ్మా" అన్నాడు వాడు. మిగిలిన విత్తనం గుడ్డలో కట్టుకుని, మామ ఇంటికి తీసుకుపోయి తిరిగి ఇచ్చేశాడు. అమ్మ ఆ సాయంత్రం గిన్నెల మూట విప్పింది. నేను సర్టిఫికెట్ ఊసు ఎత్తలేదు, అమ్మా ఎత్తలేదు.

పన్నెండు రోజులకు మొలకలు బాగా పైకి వచ్చాయి. నాయన చూస్తానన్నాడు. బండిలో గడ్డి మెత్తగా పరిచి, అన్న నాయనను రెండు చేతుల మీద ఎత్తి పడుకోబెట్టాడు. చేను గట్టు దగ్గర బండి ఆపి, వీపుకు తన భుజం ఆనించి లేపి కూర్చోబెట్టాడు. ఎర్రనేల మీద పచ్చటి చాళ్లు. నాయన ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన ఏం అంటాడోనని నేను కాచుకుని ఉన్నాను.

"చాళ్లు వంకర పోయినాయి కదరా" అన్నాడు.

 అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. అంత కష్టపడినవాడికి అదా చెప్పే మాట? ఇక అన్న బండి అక్కడే వదిలేసి స్టేషను దారి పడతాడని ఇద్దరం అనుకున్నాం.

అన్న కూడా చాళ్ల వైపే చూశాడు. ఒప్పుకున్నట్టు తల ఊపి, నాయన వీపు కింద నుంచి జారిపోతున్న గడ్డిని సర్దాడు.

"అవును నాయనా. వచ్చే ఏడు నేరుగా తోల్తాలే."

వాడి నోట "వచ్చే ఏడు" అన్న మాట మేము వినడం అదే మొదటిసారి. నాయన మొహం పక్కకు తిప్పుకుని గట్టిగా ఏడ్చాడు.