ఆకు లేని పొట్టిక్క

మా వీరవేణి వదిన మొండిది. అంబాజీపేటలో ఎవరినడిగినా ముందు ఆ మాటే చెబుతారు, ఆ తర్వాతే ఆమె పొట్టిక్కల రుచి గురించి. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. అన్నయ్య పోయాక ఆ పొట్టిక్కల బండే ఆమెకు ఆధారం.

రెండువేల నాలుగు వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామని ఆ బండి తీసేయమన్నారు. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఒక మైదానంలో తిండి పండగ పెడుతున్నాం రమ్మని కబురొచ్చింది. రెండో రోజు ఒక హోటలాయన వస్తాడట, రుచి నచ్చితే వదినకు తన హోటల్లోనే పని ఇస్తాడట. ఇంకేం, వదిన గట్టెక్కినట్టేనని నేను సంబరపడ్డాను.

ఆకుబుట్టలు ఇంట్లోనే కుట్టి, తడిగోనెలో చుట్టి బస్సులో తీసుకెళ్లాం. మొదటి రోజు జనం ఎగబడి తిన్నారు. రెండో రోజు పొద్దున్న అక్కడి పనివాళ్లు మా కొట్టులో పరిచిన తివాచీ తడిసిపోతోందని గోనె విప్పి, చెత్త అనుకొని బుట్టల్ని ఎండలో పారేశారు. మేం వెళ్లేసరికి ఆకులన్నీ అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. వదిన నీళ్లు చల్లి చూసింది, పట్టుకుంటే విరిగిపోయాయి.

పండగ నడిపే బంగారరాజు గారు మా కోనసీమ మనిషే, కొత్తపేట ఆయన. స్టీలు గిన్నెలు తెప్పించారు.

"వీటిల్లో పోసేయండమ్మా. ఇక్కడెవరికి తెలుస్తుందండీ?"

"మీరు కొత్తపేటోరై ఉండి ఈ మాటంటున్నారేంటండీ" అంది వదిన.

"బోర్డు మీద పొట్టిక్కలని రాసుందమ్మా. ఆయన వచ్చే వేళయింది."

"ఆయ్, బోర్డు మార్చేద్దామండి."

బొగ్గుముక్క తీసుకుని పొట్టిక్కలన్న మాట కొట్టేసి, కింద ఇడ్లీలు అని రాసింది. రాజుగారి మొహం మాడిపోయింది. నాకూ ఒళ్లు మండింది.

"మతిపోయిందా వదినా? ఊళ్లో బండి కూడా ఉండదు."

"లేకపోతే మన అరుగుంది. నువ్వు నోరు మూసుకుని చట్నీ రుబ్బు."

హోటలాయన వచ్చాడు. రెండు తిని మూడోది అడిగాడు.

"బాగుందమ్మా. పొట్టిక్కంటే ఇదేనా?"

పక్కన రాజుగారు తెగ తలూపుతున్నారు.

"కాదండీ, ఇడ్లీ అండి. పొట్టిక్కకి పనసాకు కావాలి. ఆకులు తెప్పిస్తానంటే మీ హోటలుకొచ్చి చేస్తాను."

"రోజూ ఆకులెక్కడ తెస్తాం? గిన్నెల్లోనే చెయ్యి. పేరు మాత్రం పొట్టిక్కలనే పెడదాం. వచ్చే నెలలో చేరిపో."

"నేను రానండి. పొట్టిక్క తినాలనుంటే తమరే అంబాజీపేట రండి."

ఆయన చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. తిరుగు బస్సులో నేను మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను. ఆమె మాత్రం కిటికీకి తల ఆన్చి హాయిగా నిద్రపోయింది.

ఊరొచ్చేసరికి బండి తీసేశారు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద పొయ్యి వెలిగించింది. ఇంకా ఎవరూ రాలేదు. మొదటి వాయిలోంచి ఒకటి తీసి నా ముందు పెట్టింది. పుల్లలు లాగి ఆకు విప్పాను. వేడి ఆవిరితో పాటు పనసాకు వాసన గుప్పుమంది. తలెత్తకుండా తింటున్నాను.

"ఇప్పుడు చెప్పు తాతబ్బాయీ, ఆ హోటలాయనకి గిన్నెలో ఇడ్లీ పెట్టి పొట్టిక్కని చెప్పమంటావా?"

ఇంకోటి వెయ్యమని ఆకు ముందుకు జరిపాను.