ఎడమ స్పీకర్‌లో గొంతు సవరించుకునే మనిషి

ఈ సంగతి ఇప్పటికే చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పాను. నాచారంలో నాకు ఆ స్పీకర్లు అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. పాత ఆడియో సామాన్ల వాట్సాప్ గ్రూపులో రాస్తే పళ్లికిలించే బొమ్మలు పెట్టారు. మా బావ తన చెవులతో విని కూడా ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కనీసం ఇక్కడైనా ఒకరిద్దరు చివరిదాకా చదువుతారని.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఒక బ్యాచ్ చెడిపోతే, ఎక్కడ చెడిందో ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లి పట్టుకోవడమే నా ఉద్యోగం. కారణం లేకుండా ఏదీ చెడిపోదు. దయ్యం కథలు చెప్పే తోటి ఉద్యోగులను వాళ్ల ముఖం మీదే వెక్కిరించేవాణ్ణి.

నా దగ్గర మా అక్క పాడిన క్యాసెట్ ఒకటి ఉండేది. అక్క పోయి చాలా ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో, ఇంట్లో వాళ్లిద్దరే ఉన్న ఒక మధ్యాహ్నం, వసారాలో కూర్చోబెట్టి మా బావ ఆమె చేత బతుకమ్మ పాటలు పాడించి రికార్డు చేశాడు. రెండో పాట మధ్యలో అక్క మాట మరిచిపోయి ఆగుతుంది. ఫక్కున నవ్వుతుంది. మళ్లీ అందుకుంటుంది. ఆమెది మిగిలిందల్లా ఆ పాటలూ, ఆ నవ్వే. కాపీ తీయిద్దామని స్టూడియోలకు వెళితే క్యాసెట్‌ను చూసి నవ్వి పంపించారు. వాళ్ల ముఖాలు కూడా నాకు గుర్తున్నాయి.

మా ఇంట్లో ఉన్న చిన్న సెట్టులో అక్క గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. మంచి పాత స్పీకర్లు కొనాలనుకున్నది అందుకే.

పాత స్పీకర్లు కొనేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు పెట్టిన పాటతో పరీక్షించకూడదు. ఆ పెట్టెకు నప్పే పాటే వాడు పెడతాడు. మనకు బాగా తెలిసిన గొంతును మనమే తీసుకెళ్లాలి. అక్క గొంతు కంటే నాకు బాగా తెలిసిన గొంతు లేదు. క్యాసెట్ జేబులో పెట్టుకుని తిరిగాను. ఉప్పల్‌లో ఒకాయన దగ్గరున్న జత దభీదభీమని మోగింది తప్ప మనిషి గొంతు పలకలేదు. ఇంకోచోట అక్క ముక్కుతో పాడినట్టు వినిపించింది.

నాచారం షెడ్డులో ఉన్నవి పెద్ద చెక్క పెట్టెలు. ముందున్న గుడ్డ పసుపు పచ్చగా మారిపోయింది. ఎడమ పెట్టె గుడ్డ మీద గోధుమ రంగు మరక, పైనుంచి కిందికి కారి ఎండినట్టు. దగ్గరికి వంగితే జర్దా పొగాకు వాసన. అమ్మే ఆయన అది టీ మరకన్నాడు. పక్కనున్న ఇంకో గిరాకీకి టీ పోశాడు, నాకు పోయలేదు. అయినా అక్క పాడగానే అన్నీ మరిచిపోయాను. రెండు పెట్టెల మధ్యలో కూర్చుని పాడుతున్నట్టే ఉంది. మాట మరిచిపోయింది, నవ్వింది. ఆ రోజు షెడ్డులో ఆ క్యాసెట్ శుభ్రంగా ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

పెట్టెలతోపాటు వాటి పాత వైర్లు కూడా ఇచ్చాడు. "గిసొంటి రాగి ఇప్పుడు యాడ దొరుకుతది సార్" అన్నాడు. చిల్కానగర్‌లో మా ఇంటికి తెచ్చి విప్పితే, ఆ వైర్ల పైతొడుగు ఆకుపచ్చగా మారి జిగురు కారుతోంది. వేళ్లకు చీమిడిలా అంటుకుంది. సబ్బుతో ఎంత కడిగినా ఆ జిగట వదలలేదు.

మధ్యాహ్నం భోజనానికి ముందు క్యాసెట్ పెట్టాను. మొదటి పాట అయిపోయింది. రెండోది మొదలయ్యే లోపున్న ఖాళీలో ఎడమ పెట్టె లోపలినుంచి ఎవరో గట్టిగా కాండ్రించిన చప్పుడు.

వంటింట్లోంచి మా ఆవిడ విజయ అరిచింది. "థూ! ఏం మనిషివయ్యా నువ్వు? ఇంట్ల అన్నం వడ్డిస్తుంటే గట్ల కాండ్రిస్తరా? బాత్రూం లేదా?"

అప్పటిదాకా నేను నోరు తెరవలేదు. నేను కాదన్నాను. ఆమె నమ్మలేదు. ఆ చప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె నా ఎదురుగానే నిలబడి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

అది ముసలి మగవాడి గొంతు. కఫాన్ని అడుగునుంచి తవ్వి పైకి లాగుతున్నట్టుంటుంది. ఉమ్మిన చప్పుడు మాత్రం రాదు. నోట్లోకి తెచ్చుకుని అక్కడే ఆగుతాడు. ఆ తర్వాతి నిశ్శబ్దం ఇంకా అసహ్యం. ఆ రోజు ఇద్దరం అన్నం ముట్టలేదు.

నాకు తెలిసిన పద్ధతిలోనే వెతికాను. ముందు ఆ జిగురు వైర్లు పారేసి కొత్త రాగి కేబుళ్లు వేశాను. పోలేదు. ఎడమ పెట్టెను కుడివైపు, కుడి పెట్టెను ఎడమవైపు పెట్టాను. చప్పుడు ఆ మరక ఉన్న పెట్టెతోపాటే కుడివైపుకి వెళ్లింది. అంటే లోపం క్యాసెట్‌లో లేదు, ఆంప్లిఫయర్‌లో లేదు, పెట్టెలో ఉంది. ఇంతవరకు నాకు భయం లేదు, రోత మాత్రమే. కేబుళ్లు మొత్తం పీకేసి గోడ పక్కన పెట్టాను. మర్నాడు మేము భోంచేస్తుంటే, ఏ తీగా లేని ఆ పెట్టె కాండ్రించింది.

గ్రూపులో వివరంగా రాశాను. "సార్, ముందుగాల ఈఎన్‌టీ డాక్టర్ కాడికి పోండ్రి, కేబుల్ సంగతి తర్వాత జూద్దాం" అని ఒకాయన పెట్టాడు. అందరూ నవ్వారు. నేను జవాబు రాసేలోపే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

అమ్మినాయనకు ఫోన్ చేశాను. ఇవి ఇంతకుముందు ఎవరివని అడిగాను.

"పాత మాల్ ఎవలిదైతేంది సార్? పాట ఇన్నవ్, నచ్చింది, తీస్కపోయినవ్."

లోపల్నుంచి ఎవరో గొంతు సవరించుకుంటున్నారని చెప్పాను. మెల్లగా అడిగాడు.

"ఎడమ దాంట్లనా?"

ఏ పెట్టెలోనో నేను చెప్పలేదు. అదే మాట అంటే లైన్ కట్ చేశాడు. తర్వాత ఎప్పుడు షెడ్డుకి వెళ్లినా పక్క వెల్డింగ్ షాపాయన "అన్న చర్లపల్లి పోయిండు" అంటాడు. సగం దించిన షట్టర్ కింద ఆయన చెప్పులు కనిపిస్తూనే ఉంటాయి.

పెట్టెలను బాల్కనీలో పడేసి దుప్పటి కప్పాను. అక్క పాట ప్రశాంతంగా విందామని క్యాసెట్ తీసుకుని అంబర్‌పేట్‌లో బావ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు రికార్డు చేసిన సెట్టు ఆయన దగ్గర ఇంకా ఉంది. అది నా స్పీకర్ల మొహం కూడా చూడలేదు.

బావ కళ్లు మూసుకుని విన్నాడు. రెండో పాట. అక్క మాట మరిచిపోయి ఆగింది. ఆయన పెదవులు నవ్వడానికి సిద్ధమయ్యాయి.

అక్క నవ్వలేదు. ఆ కాండ్రింపు వినిపించింది. గదిలోంచి కాదు, క్యాసెట్ లోపలినుంచి, ఆ వసారాలోంచి, అక్క పక్కనుంచి. ఆ వెంటనే అక్క గొంతు, నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ వినని మాట:

"ఆడ ఎవరున్నరు?"

తర్వాత పాట లేదు. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

బావ సెట్టు ఆపేశాడు. "గా దినం మేమిద్దరమే ఉన్నం రా. ఇంకెవ్వరు లేరు." క్యాసెట్ తీసి బీరువాలో పెట్టాడు. "గిది ఎవలకు చెప్పకు" అన్నాడు.

స్పీకర్లో ఉండే అయస్కాంతం దగ్గర పెడితే క్యాసెట్ చెడిపోతుందని మీరు అంటారు. నాకూ తెలుసు. అయస్కాంతం పాటను చెరపగలదు. చనిపోయిన మనిషి చేత కొత్త మాట పలికించగలదా? ఏ మెట్టు దగ్గర ఇది చెడిందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

నాచారం అన్నా, ఇది నీ దాకా వస్తుందని నాకు తెలుసు. పెట్టెలు వెనక్కి తీసుకోమని అడగడం లేదు. నేను చెప్పకముందే ఎడమది అని నీకెలా తెలిసింది? షట్టర్ ఎత్తి బయటికి రా. మా అక్క నవ్వు ఉండాల్సిన చోట ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది. దానికి ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. నువ్వు చెప్పాలి.

ఆడ ఎవరున్నరు?