ఆరో మంచం మీద మరియమ్మ

2003వ సంవత్సరం, మిరప కోతల కాలం. చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఓ హోమియో కాలేజీ ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాని.

కాలేజీకి రికగ్నిషన్ ఏటా తెచ్చుకోవాలి. అది రాకపోతే చదువు పూర్తయినా పిల్లలకు డాక్టరుగా రిజిస్ట్రేషన్ ఉండదు. ఇన్‌స్పెక్షన్ రోజున వార్డులో మంచాలు నిండి ఉండాలి. మాకేమో రోగులు అంతంతమాత్రం. అందుకని కోతలకెళ్లే కూలీలను ట్రాక్టరులో తెచ్చి పడుకోబెట్టేవాళ్లం. వాళ్లకు లేని రోగాలతో కేస్ షీట్లు ముందే రాసిపెట్టడం నా పని. ఒక్కో షీటుకు ఒక్కో దస్తూరి. ఆ పనితనానికి మురిసిపోయేవాణ్ణి కూడా, సిగ్గులేని జన్మ!

ఆ ఏటి ఇన్‌స్పెక్షన్ ఉదయం మంచు ఇంకా విడలేదు. కల్లాల మీది మిరప ఘాటు సన్నగా కిటికీల్లోంచి వస్తోంది. పొద్దెక్కాక పడుకోవడం ఎరగని ఆ ఆడవాళ్లు తెల్ల దుప్పట్ల కింద నిజంగానే నిద్రపోయారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వార్డంతా నీళ్లలో మునిగినట్టుంది. నాకూ కళ్లు మూతలు పడ్డాయి.

ఇన్‌స్పెక్టరు గారు నెమ్మదస్తుడు. ఆరో మంచం దగ్గర ఆగి, ఫైనలియర్ చదివే శారదను పిలిచి, షీటు చూడకుండా రోగినే అడిగి కేసు రాయమన్నారు. ఆ మంచం మీద మరియమ్మ. మోకాళ్ల నొప్పులని చెప్పమని ఆమెకు నేర్పింది నేనే. చెప్పింది కూడా. కానీ హోమియోలో నిద్ర, కలలు కూడా అడుగుతారు.

"కలలేమన్నా వస్తాయా పెద్దమ్మా?" అంది శారద.

మరియమ్మ పైకప్పు వైపు చూసింది. "ఒకటే కలమ్మా. ఎర్రటి కల్లం. ఎంత నడిచినా ఒడ్డు రాదు. కాయలు మెడదాకా వచ్చేస్తాయి. ఊపిరాడక లేచి కూర్చుంటా. ఇక తెల్లారిందాకా దగ్గే. కొంగుకి రకతం అంటుద్ది."

శారద పెన్ను ఆగింది. మా ప్రిన్సిపాల్ వెనకనుంచి వద్దని సైగ చేస్తున్నారు. రాస్తే పోయేది ఆ పిల్ల రిజిస్ట్రేషనే. ఆమె మాత్రం తలొంచుకుని అంతా రాసింది.

"సార్, ఈమెకి ముందు ఎక్స్‌రే తీయించాలి. గుంటూరు పంపించండి" అంది.

ఇన్‌స్పెక్టరు గారు ముందే ఉన్న షీటునూ, శారద రాసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, మొదటిది ఎవరు రాశారని అడిగారు. నేనేనన్నాను.

ఆ ఏడాది రికగ్నిషన్ రాలేదు. ఆసుపత్రిలో నిజంగా రోగుల్ని చూడటం మొదలుపెట్టాక, ఏడాది ఆలస్యంగా శారద బ్యాచ్‌కి రిజిస్ట్రేషన్లు అయ్యాయి. పిల్లల తల్లిదండ్రులు నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టాల్సిందే. మరియమ్మకు క్షయ అని తేలింది. మందులకు నేనే గుంటూరు తీసుకెళ్లేవాణ్ణి.

ఒకసారి బస్సులో, ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మూడేళ్లనించి మీ మంచం మీదే పడుకుంటన్నా గదయ్యా. ఆ పిల్ల తప్ప నన్నెవరడిగారు?" అంది మామూలుగా.

ఆ మూడేళ్ల షీట్లూ రాసింది నేనే. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఎదుటి మనిషి నోరు విప్పకుండా కాగితం మీద పెన్ను పెట్టలేదు.