చేదు చూసే వేలు

మా చేనుకు కూలికి వచ్చే ఆమె, తన బిడ్డకు ఏది పెట్టినా ముందు చిటికెనవేలు ముంచి నాలుకకు రాసుకునేది. "చేదు చూస్తున్న అక్కా," అనేది. మా దేవరకొండ పల్లెల్లో పనికి పోయే తల్లులు పసిపిల్లలకు ఆవగింజంత నల్లమందు పెట్టి నిద్రపుచ్చేవాళ్లు. చేదును బట్టి ఆ మోతాదు ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు కొందరం గుట్టమీది గుహలో దాక్కున్నాం. నీళ్లకు పోతూ ఆమె బిడ్డను నా ఒడిలో పెట్టింది. కాసేపటికి బిడ్డ కదిలింది. ఏడిస్తే అందరం దొరికిపోతామని నేను ఆమె మూటలోని నల్లమందు పెట్టాను. పోయేముందే ఆమె పెట్టిందని నాకు తెలియదు. బిడ్డ మళ్లీ లేవలేదు. ఆమె తిరిగొచ్చి, బిడ్డ పెదవి తడిమి, వేలు నాలుకకు రాసుకుంది. నా వైపు చూసింది.

పోలీసు యాక్షన్ అయినంక, ఎవరో చెప్పగా పోలీసు ఠాణా నుంచి అమీను విచారణకు వచ్చాడు.

"బిడ్డను సాకేటోళ్లే పానం మీదికి తెస్తే జైలే. ఆ యాల్ల బిడ్డ ఎవరి చేతుల ఉండె?" అని అడిగాడు.

నా చంకలో నా కొడుకు పాల కోసం పెనుగులాడుతున్నాడు. ఆమె వాణ్ని చూసింది.

"నా చేతులనే ఉండె అయ్యా. నేనే పెట్టిన," అంది.

నేను తల వంచుకుని నిలబడ్డాను.

జైలు నుంచి మళ్లీ మా చేనుకే వచ్చింది. ఓ మధ్యాహ్నం నేను కొడుక్కి పాలు పట్టబోతుంటే గిన్నె ఆపింది. చిటికెనవేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఏం లేదక్కా, తాపు," అంది.