ఎందుకు మాస్టారు నవ్విన రోజు

మా కాన్వెంటు హైస్కూల్లో సత్యోపదేశం చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు ‘ఎందుకు మాస్టారు’. మతం చెప్పేవాళ్లు జవాబులతో వస్తారనుకుంటాం కదా, ఈయన ప్రశ్నలతో వచ్చేవారు. “నోవా ఓడలోకి చెదపురుగులు ఎక్కాయా? ఎక్కితే ఆ చెక్క ఓడ ప్రళయమంతా ఎలా నిలిచింది?” అని తొమ్మిదో తరగతిని రెచ్చగొట్టి, జవాబు కోసం నా సైన్సు ల్యాబు మీదికి తోలేవారు. వాళ్లొచ్చి నా ప్రాణం తోడేసేవాళ్లు.

స్టాఫ్‌రూమ్‌లో ఆయన కుర్చీ నా పక్కనే. నేను డబ్బా మూత తీస్తే చాలు, “కూర మాడినట్టుందే, పొద్దున్నే ఇంట్లో గొడవేమైనా జరిగిందా అమ్మా?” అని ఆరా. నిజంగానే జరిగి ఉండేది, అదీ నా ఒళ్లుమంట. వాళ్లావిణ్ణి నేను వదినా అని పిలిచేదాన్ని. “మా వీధికి రావాలంటే పోస్ట్‌మ్యాన్ హడలిపోతాడమ్మా. ఉత్తరం ఇచ్చి ఊరుకుంటే కుదరదు, ఈయనకు తన ముత్తాత దగ్గర్నుంచి చెప్పుకురావాలి” అనేది.

ఏడాదికోసారి ఫాదర్‌గారు వచ్చి పిల్లల పాపసంకీర్తనం వినేవారు. చేసిన తప్పులు ఆయన చెవిన వేసి, ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం చేయాలి. అక్కడ నోరు పెగలని పిల్లల కోసం మాస్టారు ముందురోజు రిహార్సల్ పెట్టేవారు. లైబ్రరీ మూల రెండు బీరువాల మధ్య పాత కిటికీ జాలీ ఒకటి నిలబెట్టి, దాని వెనక గోడవైపు తిరిగి కూర్చునేవారు. పిల్లలు ఒక్కొక్కరే ఇవతల మోకరించి గుసగుసగా చెప్పాలి. “నిజం పాపాలు ఫాదర్‌గారికి దాచుకోండి. నాకు కల్పించి చెప్పండి. ఎవరు చెప్పారో నేను చూడను” అన్నది షరతు.

ఆ ఏడాది నలభై ఒక్కమంది పిల్లలు. ఒకడు ఏనుగును దొంగిలించి మేడమీద దాచాడు. ఒక పిల్ల హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారిని రెండుసార్లు మింగేసింది. మాస్టారు కడుపు పట్టుకుని నవ్వుతూనే ఏనుగుకు రోజూ స్నానం చేయించమని ప్రాయశ్చిత్తం వేశారు. నేను బీరువా అవతల పుస్తకాలు సర్దుతున్నాను. సర్దడం ఎప్పుడో అయిపోయింది, వింటున్నానంటే నిజం.

అంతలో ఒక గుసగుస. “మా తమ్ముడు చచ్చిపోవాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను.”

మాస్టారు పకపకా నవ్వారు. తమ్ముళ్లున్నవాళ్లు ఎవరనుకోరు ఆ మాట! “అయితే రోజూ వాడికో చాక్లెట్ పెట్టు. అదే ప్రాయశ్చిత్తం.”

“వాడు తినలేడు సార్. గొట్టంతో పాలు పోస్తారు. నొప్పికి మూలుగుతూనే ఉంటాడు.”

ఆయన నవ్వు ఆగేలోపే ఆ అడుగులు వెళ్లిపోయాయి. తర్వాతివాడు వచ్చి బ్యాంకు దోచానని మొదలుపెట్టాడు.

స్టాఫ్‌రూమ్‌లో ఆయన ముఖం చూడలేకపోయాను. “నవ్వానమ్మా” అన్నారు, అంతే. ఆ గుసగుసలో ఆడపిల్లో మగపిల్లాడో కూడా తెలియలేదు.

“రిజిస్టర్ పట్టుకుని, ఎవరి తమ్ముడు జబ్బుతో ఉన్నాడో గుమాస్తాను అడిగితే పావుగంట పని” అన్నాను.

లేచారు. ఏ సంగతైనా తెలుసుకోందే ముద్ద దిగని మనిషి, ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగొచ్చారు. “చూడనని మాటిచ్చానమ్మా. ఇప్పుడు వెతికి పట్టుకుంటే, ఆ బిడ్డ ఇంకెవరికీ ఏదీ చెప్పుకోదు.”

నాకు ఒళ్లు మండింది. “మీ మాట నిలబడితే చాలా? దేవుడే తనను చూసి నవ్వాడనుకుని ఆ బిడ్డ ఇంటికెళ్లిపోయింది!”



మర్నాడు ఫాదర్‌గారు రాకముందే లైబ్రరీలో మళ్లీ జాలీ నిలబెట్టారు. ఈసారి ఇవతల మోకరించింది మాస్టారు. అరిగిపోయిన మోకాళ్లు, మూసుకున్న కళ్లు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి ఆయన కుర్చీలో కూర్చోవాలి. అందరికీ ఆయన ఒకటే చెప్పారు. “నిన్న ఒకరు నిజం చెబితే నవ్వాను. అది నువ్వో కాదో నాకు తెలియదు. నువ్వే అయితే నన్ను క్షమించు.”

నేను మళ్లీ బీరువా వెనకే ఉన్నాను. సిగ్గులేదనుకున్నా సరే, వెళ్లలేకపోయాను. కొందరు కిసుక్కుమన్నారు. ఏనుగు దొంగ “నాది ఉత్తుత్తిదే సార్, మీరు ఎంతైనా నవ్వుకోండి” అని ఉదారంగా క్షమించేశాడు. ఇరవైమంది దాటారు, పాతికమంది దాటారు. ఆ బిడ్డ ఇవాళ బడికి రాలేదేమోనని నాకు గుబులు పట్టుకుంది.

ముప్పయ్యో బిడ్డ వచ్చి కూర్చుంది, కిసుక్కుమనలేదు, లేచి వెళ్లనూ లేదు. పుస్తకాల సందులోంచి తొంగిచూస్తే నాకు తెలిసిపోయేది. తల దించుకున్నాను.

“దేవుడు కూడా నవ్వాడా సార్?”

“లేదు. విన్నాడు. వాడి బాధ చూడలేకే అడుగుతున్నావని ఆయనకు తెలుసు.”

“అయితే ఇవాళ కూడా అడగనా?”

మాస్టారు జాలీకి దగ్గరగా జరిగిన చప్పుడైంది. “వద్దు. వాడికి ఏం కావాలో దేవుణ్ణి అడిగే పని ఇవాళ్టి నుంచి నాది. నువ్వు వెళ్లి వాడి పక్కన కూర్చో, చాలు.”

కుర్చీ కిర్రుమంది. అడుగులు వెళ్లిపోయాయి. ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. మాస్టారు కళ్లు తెరవకుండానే, “నిన్న ఒకరు నిజం చెబితే నవ్వాను” అని మళ్లీ మొదలుపెట్టి, మిగిలిన పదకొండు మందికీ ఆ మాట పూర్తిగా చెప్పారు.